మూడో కాలు

ఆదివారం పాతసామాన్ల సంతలో
పెడళ్లు మాత్రం చాలంది ద్రహోస్లవ.
"స్టీరింగు కూడా పట్టుకుపో, ఊరికే ఇస్తా" అన్నాడు అమ్మేవాడు.
"నాకు చక్రంతో పని లేదు."
అతను ఆమె బూట్లవైపు ఓసారి చూసి
ఎనభై కొరూనాలు లెక్కపెట్టుకున్నాడు.

ఒస్త్రావాలో ఇరవైరెండేళ్లు ట్రాము నడిపిన మనిషి.
పాత బండితో మాటంతా కాళ్లతోనే.
ఇది తొక్కితే కదిలేది, పక్కది తొక్కితే ఆగేది.
మొన్న మార్చిలో వాటిని తుక్కుకి తోలేశారు.
కొత్తదానికి చేతికింద చిన్న మీట,
ముందుకి నెట్టు, వెనక్కి లాగు, అంతే.
కాళ్లు కింద ఊరికే కూర్చుంటాయి
పెళ్లింట్లో ఎవరూ పని చెప్పని చుట్టాల్లా.

వంటింటి బల్లమీద పేపరు పరిచి మరలు విప్పింది.
లోపల ఓ స్ప్రింగు, ఎండిన గ్రీజు, ఎవరి కుక్కదో వెంట్రుక,
రెండు పొటెన్షియోమీటర్లు.
తీగ చివర పదిహేను సూదుల ప్లగ్గు,
ఎనిమిది పైన, ఏడు కింద.
దానికి నోరిచ్చే కంప్యూటరు
ఇప్పుడా వీధిలో ఎవరింట్లోనూ లేదు.
కత్తెర పెట్టి, ఎందుకో ఒక క్షణం ఆగింది.
కోసింది.

డిపో ఎలక్ట్రీషియన్ లుబోర్ టీ ఊదుకుంటూ చెప్పాడు:
ఆ రోజుల్లో రెండు కాళ్లకే తీగ వేసేవారు,
మూడోది ఖాళీగా ఉండేది.
ఇప్పటి చిప్పుకి అలా కుదరదు.
ఒక కొసకి ఐదు వోల్టులు, రెండో కొసకి గ్రౌండు,
తానెక్కడుందో మధ్య కాలు చెప్పాలి.
ఇంకోటి,
గ్యాసునీ బ్రేకునీ ఒకే లెక్కలో కట్టేశారు చూడు,
రెండూ సమంగా తొక్కితే
ఏదీ తొక్కనట్టే.

ఆ మాట ఇంటిదాకా వెంటవచ్చింది.
యూనియన్ మీటింగులో
కొత్త బండ్లు రావాలన్నప్పుడూ చెయ్యెత్తింది,
పాతవి పోకూడదన్నప్పుడూ ఎత్తింది.
లెక్కపెట్టినాయన ఆమెను దాటి
పక్క కుర్చీకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు విడదీస్తోంది.
దీని తీగ దీనికి, దాని తీగ దానికి.
ఇరవయ్యేడేళ్లు దేన్నీ అంటుకోని మూడో కాలికి
మొదటి చుక్క టంకం.
అంటలేదు.
చిలుము.
బ్లేడుతో గీకి, ఉఫ్‌మని ఊది, మళ్లీ పెట్టింది.

గ్యాసు పెడల్ కార్బన్ పట్టీ అరిగి పాలిపోయింది.
బ్రేకుది నిన్న కొన్నట్టు నల్లగా నిగనిగ.
ఎవడో కుర్రాడు, ఒక్క మలుపులోనూ ఆగినట్టు లేడు.
ఇప్పుడెక్కడ ఎంత మెల్లగా నడుస్తున్నాడో.
ట్రాము నడిపేవాళ్లకి బ్రేకే ప్రాణం.
తెలియకుండానే
మంచిది ఆమెకి మిగిల్చాడు.

బొటనవేలంత బోర్డు, యూఎస్‌బీ తీగ.
తెరమీద అంకె వణికి, నిలబడింది.
సున్నా నుంచి వెయ్యిన్నీ ఇరవైమూడు దాకా పోవాలి.
గ్యాసు నూటపన్నెండులో నిద్రలేచి
ఎనిమిదివందల డెబ్భై దాటనని మొరాయించింది.
సరే, నీకు అదే మొదలు, అదే చివర,
అని రాసిపెట్టింది.
మధ్యలో ఓ గంతు ఉంది.
దాన్ని సరిచెయ్యలేదు.
తన పాత బండీ వంతెన ఎక్కేటప్పుడు
అచ్చం అక్కడే ఉలిక్కిపడేది.

రాత్రి పదకొండు. తెరమీద బొమ్మ ట్రాము, బొమ్మ మంచు.
చెప్పులతో రెండు స్టాపులు నడిపి, కుదరక,
లేచి వెళ్లి డ్యూటీ బూట్లు తొడుక్కొచ్చింది.
కింది వాటాలో ష్కర్కోవా గారు
చీపురు కర్రతో సీలింగు పొడుస్తోంది.

మూడో స్టాపు దాటాక
గొడుగుతో ఎవరో పట్టాల మీదికి వచ్చారు.
బొమ్మ మనిషేనని ఆమె అనుకునేలోపే
కాలు తొక్కేసింది.